ఎడమ మోకాలు

ఆ ఏడు నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. మా ఆయన తన పానం తానే తీసుకుంటడేమో అని. ఆ మాట ఎవ్వరితోని అనలే. నోట్లకెల్లి బయటికొస్తే నిజమైతదేమో అనిపించేది. తెల్లారంగనే మొదలు పక్కకు చెయ్యి చాపి తడిమి చూసేదాన్ని. చేతికి వీపు తగిలితే ఆ దినానికి గండం గడిచినట్టే.

సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. సిద్దిపేట డిపోల బస్సులు ఎక్కడియక్కడ ఆగిపోయినయి. ఆఫీసులకు తాళాలు, బడులకు తాళాలు. బొగ్గు గనులోళ్లు సుత పని బందు పెట్టేసరికి కరెంటు వస్తే వచ్చినట్టు, పోతే పోయినట్టు. మా ఆయన కర్ణాకర్ ఒక ప్రైవేటు బడిల ఆటల సారు. బడి బందయినంక మొదటి వారం ఇంటి పట్టున ఉండలే. నడిరోడ్డు మీద అందరు వంటావార్పు పెడితే, ఈయన పిల్లలను జమ చేసి ఆ రోడ్డు మీదనే ఫుట్‌బాల్ ఆడిపిచ్చిండు. అటు పోలీసు జీపు ఒక గోల్, ఇటు అన్నం గుండిగలు ఒక గోల్. గుండిగల బంతి పడ్డదని వంట చేసే ఆడోళ్లు గరిటెలు పట్టుకొని ఎంటపడ్డరట. ఆ సాయంత్రం ఇంటికొచ్చి ఆ ముచ్చట చెప్పుకుంట కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్విండు.

రెండో వారంల మా గల్లీ బుచ్చిరాములు కొడుకు పోయిండు. ఇరవై ఏండ్లు నిండలే. మా ఆయన చేతి కింద ఆట నేర్చుకున్న పిల్లగాడు. తెలంగాణ ఇగ రాదేమోనన్న రంధితోని తన పానం తానే తీసుకున్నడు. పాడె మోసిన నలుగురిల మా ఆయన ఒకడు. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కొని గడపల కూసున్నడు. ఆ నాటి సంది ఆయన మాట బందయింది. పెడితే తింటడు, పెట్టకుంటే అడగడు. మా బిడ్డ రూతుకు అప్పుడు ఏడాదిన్నర. దాన్ని ఒళ్లె పెట్టుకొని గోడ దిక్కు చూస్తుండేటోడు. పిల్ల ఆయన ముక్కు గుంజినా, చెవు గుంజినా ఉలుకు లేదు పలుకు లేదు. పేపర్ల రోజొక ఊరు, రోజొక పేరు. నేను ఆ పేపరు ఆయన కండ్ల పడకుంట పొయ్యిల పెట్టేది.

సమ్మెల మా ఇంట్ల బందు కానిది ఒక్క మా మామ నోరే.

మా మామ పేరు యోహాను. సికింద్రాబాదుల ఒక డిపార్టుమెంటు గ్రౌండుల ముప్పై రెండేండ్లు సున్నం గీతలు గీసిండు. మ్యాచు మొదలుకాక ముందు గ్రౌండంత ఆయనది. మొదలైనంక గీత అవతల సున్నం డబ్బా బోర్లేసుకొని దాని మీద కూసునేటోడు. ఆటగాళ్ల మోకాళ్లు పిసికి, నూనె రాసి, పట్టి కట్టుడు కూడా ఆయనే. డాక్టరు చదువు లేదు, గని ఎక్స్‌రే ఫొటో ఎండకు పెట్టి చూసిండంటే ఏ ఎముక ఎక్కడున్నదో చెప్తడు. పింఛను మీద సిద్దిపేటకు వచ్చినంక గూడ ఊర్ల దెబ్బ తాకినోళ్లు మోకాళ్లు పట్టుకొని మా ఇంటికే వస్తరు. వాళ్లు ఇడిసిపెట్టి పోయిన ఫొటోలు ట్రంకు పెట్టె నిండ ఉంటయి. కిటికీ అద్దం పలిగితే అండ్లకెల్లి రెండు తీసి అంటించిండు. మా ఇంట్లకు వచ్చే ఎండ ఎవలెవలియో మోకాళ్లల్ల నుంచి వచ్చేది.

ఒక పొద్దుగాల కరెంటు ఉన్నది. టీవీల విలాయతి మ్యాచు మల్లొకపారి చూపెడుతున్నరు. ఆటో నడిపే ముజీబు కుంటుకుంట వచ్చిండు. మా ఆయనకు చిన్ననాటి దోస్తు, వీళ్ల జట్టుల గోలుకీపరు. రాస్తారోకో కాడ ఉరుకులాటల మోకాలు మీద పడ్డడు.

"చాచా, జర చూడు. నడుస్తుంటే కట కట అంటుంది."

మా మామ టీవీ మీదికెల్లి చూపు తియ్యకుండనే ముజీబు చేతిల ఫొటో అందుకున్నడు. ఒక్క నిమిషం కిటికీకి పెట్టి చూసిండు. "ఏం లేదు. అద్దమోలె ఉన్నది. నాలుగు దినాలు నూనె రాయి. గీ మోకాలు పెట్టుకొని గోలెందుకు ఇడిసిపెట్టినవురా నువ్వు, పోయిన నెల?"

"మోకాలుది గాదు చాచా, కండ్లది తప్పు."

"కండ్లకు నా కాడ నూనె లేదు. కూసో. చూడు, ఈడు నిరుడు గా ఎర్రంగిల ఆడిండు. గీ యేడు గీళ్లకు అమ్మిన్రు. టీవీల గా పిల్ల ఎట్ల నవ్వుకుంట చెప్తుందో చూడు, గిన్ని కోట్లకు కొన్నరు, గన్ని కోట్లకు అమ్మిన్రు అని. మనిషిని కొనుడేందిరా, అమ్ముడేంది?"

"పెద్ద ఆట గద చాచా."

"పెద్ద ఆటనా? సిద్దిపేట అంగడిల ఎద్దును కొనేటోడు నోరు తెరిచి పండ్లు చూస్తడు. వీళ్లు మోకాలు చూస్తరు. గంతే ఫరకు. క్లబ్బుకేమో ఊరు పేరు. ఆ ఊర్ల పుట్టినోడు పదకొండు మందిల ఒక్కడు ఉండడు. మాలికేమో ఇంకో దేశమోడు. అంగి మీద ఊరు పేరు గింత, కంపెనీ పేరు గంత. ఊరోడు మాత్రం టికెట్టు కొనుక్కొని వానకు తడుసుకుంట పాటలు పాడుతడు."

"మనకూ అదే గద కొట్లాట. పేరు మనది, నీళ్లు వాళ్లయి" అన్నడు ముజీబు.

మా అత్త ఎల్లవ్వ కట్టెల పొయ్యి కాడికెల్లి అందుకున్నది. "గా ముచ్చట సమ్మె టెంటు కాడ చెప్పపో, మైకు ఇస్తరు. అంత పాపపు యాపారమైతే మల్ల టీవీ ముంగట్కెల్లి లేవవేంది?"

"ఎందుకు లేస్త? యాపారం వాళ్లది. ఆట నాది. ఆట ఏం తప్పు చేసింది?"

"ముప్పై రెండేండ్లు ఎవల్దో గ్రౌండుకు సున్నమేసిండు. ఇంటి గోడకు ఒక్కపారి ఏసిండా అడుగు పిల్లా" అన్నది అత్త నాతోని.

ముజీబు నవ్విండు. నేను నవ్విన. మా ఆయన దిక్కు చూసిన. గోడ దిక్కే చూస్తుండు. నవ్వు నా నోట్లనే ఆగింది.

ముజీబు పోతప్పుడు ఫొటో మా ఇంట్లనే ఇడిసిపెట్టి పోయిండు. అందరు అట్లనే పోతరు. మా మామ దాన్ని ట్రంకు పెట్టె మీద పడేసిండు.

ఆ తెల్లారో, ఆ ఎల్లుండో, విన్సెంటు సారు ఫోను చేసిండు. సికింద్రాబాదుల ఆటగాళ్లను చూసి క్లబ్బులకు కలిపేటాయన. మా మామ ఆయన్ను దలాలి అనే అంటడు. ఆయన మా ఆయన ఆట మూడేండ్లకెల్లి ఎరిగినోడు. గోవాల ఒక క్లబ్బుల ఎడమ దిక్కు ఆడేటోడు దెబ్బ తాకి ఆటకెల్లి తప్పుకున్నడట. లీగు మొదలుకానికి నెల లేదు. ఎడమకాలుతోని ఆడేటోడు అర్జెంటుగ గావాలె. సీజను దాక కాయిదం. ఉండ జాగ, తిండి వాళ్లదే. "ఎడమ మోకాలు ఫొటో తీసి పంపు. వాళ్లు మొదలు చూసేది అదే. వారంలోపల" అన్నడు.

మా ఆయన ఫోను చెవికి పెట్టుకొని నిలబడ్డడు. ఆయన వీపు నిటారుగ అయింది. బుచ్చిరాములు కొడుకు పోయినంక అట్ల నిలబడుడు నేను మొదటిసారి చూసిన.

"పోత సారు" అన్నడు. పన్నెండు దినాలకు నేనిన్న మొదటి మాట.

మా మామ టీవీ బందు చేసిండు. తనంత తాను ఆయన టీవీ బందు చేసుడు గూడ మొదటిసారే.

"యాడికి పోతవ్?"

"గోవకు."

"మోకాలుల గింజ పెట్టుకొనా?"

అది రెండేండ్ల కిందటి ముచ్చట. మా ఆయన ఎడమ మోకాలుల చిన్న ఎముక తునక ఊడి లోపల తిరుగుతుందని సర్కారు దవాఖానల పెద్ద డాక్టరు చెప్పిండు. ఫొటోల నూక గింజంత కనబడ్తది. ఆపరేషను చేసి తియ్యాలె, లేదంటే ఆట ఇడువాలె అన్నడు. ఆపరేషను రేపుమాపు అనుకుంటనే ఉంటిమి. అప్పటి సంది చిన్న పిల్లలకు నేర్పుడు తప్ప గట్టిగ ఆడింది లేదు.

"ఏమో, కరిగిందేమో. నొస్తలేదు" అన్నడు మా ఆయన.

"ఎముక కరుగుతదారా? ఉప్పుగల్లా అది?" మా మామ లేచి నిలబడ్డడు. "ఇను. మా దినాలల్ల ఆటగానికి నౌకరి ముందు, ఆట ఎన్క. పొద్దుగాల గ్రౌండు, పగటీలి ఆఫీసు. కాలు ఇరిగితే ఆఫీసుల కుర్చీ ఇరగలే గద. నేను మోకాళ్లు పిసికినోళ్లు ఇయ్యాల పింఛను తింటున్నరు, తెలుసా? గిప్పుడేముంది? పది నెలల కాయిదం. నొస్తే సూది మందు ఇచ్చి ఆడిపిస్తరు. సూది దిగినంక నువ్వెవలో మేమెవలమో. వాళ్లకు ఎడమ కాలు గావాలె. నువ్వు గాదు."

"నేను ఎవలికి గావాలె నాయినా?"

ఆ మాట ఆయన గట్టిగ అనలే. అన్నం వడ్డించుమన్నట్టే అన్నడు. మా అత్త పొయ్యిల కట్టె ఎగదోస్తున్నది, ఆ చెయ్యి ఆడనే ఆగింది. మా మామ మల్ల కూసున్నడు.

మర్నాడు మా ఆయన బస్టాండు దగ్గర జనరేటరు ఉన్న ల్యాబుల ఫొటో తీయించుకున్నడు. సాయంత్రం ఇస్తమన్నరు. సాయంత్రం టెంటు కాడ సంతాప సభ ఉన్నదని ఆయన్ను పిలుచుకపోయిన్రు. బుచ్చిరాములు కొడుకు ఫొటోకు దండ ఏస్తరట. నేను వద్దన్న. ఇనలే. రూతును చంకనేసుకొని నేనే ల్యాబుకు పోయిన. ఖాకీ లిఫాఫా మీద పెన్నుతోని 'కర్ణాకర్, 26' అని రాసి ఇచ్చిండు అక్కడి పిల్లగాడు. లోపలి ఫొటో మీద పేరేం లేదు. మూలకు ఒక నంబరు, ఎడమ కాలని ఒక గుర్తు, అంతే.

ఇంటికొచ్చేసరికి అత్త కూరగాయలకు పోయింది. మామ లేడు. కిటికీ కాడ నిలబడి ఫొటో గుంజి చూసిన. నేను తొమ్మిది దాక చదువుకున్న. మా నాయిన పోయినంక బడి మాన్పిచ్చిన్రు. ఎముకల పేర్లు నాకు తెల్వయి. గని నాలుగేండ్లు ఈ ఇంట్ల మోకాళ్లు చూసుకుంటనే ఇల్లు ఊడిసిన. గింజ ఉన్నది. రెండేండ్ల కింద నూకంత ఉండె, ఇప్పుడు బియ్యం గింజంత అయింది.

నేను ఏం ఆలోచించిన్నో అచ్చంగ చెప్తా. ఆయన మోకాలు గురించి ఆలోచించలే. ఈ ఫొటో చూస్తే క్లబ్బోళ్లు వద్దంటరు. వద్దంటే ఆయన మల్ల గడపల కూసుంటడు, గోడ దిక్కు చూస్తడు. దండలేసే సభలకు పోతడు. ఒక తెల్లారుజామున నేను చెయ్యి చాపితే వీపు తగలది. కాలు పోతే మనిషి మిగులుతడు అనుకున్న. గోవాల బంతి ఉంటది, ఉరికేటోళ్లు ఉంటరు, ఈ పేర్లు ఈ పేపర్లు ఉండయి అనుకున్న.

ట్రంకు పెట్టె మీద ముజీబు ఫొటో ఉన్నది. అదీ ఎడమదే, దాని మీదా పేరు లేదు. తీసి మా ఆయన లిఫాఫాల పెట్టిన. మా ఆయనది ట్రంకు లోపల, అన్నిటికన్నా అడుగుకు పెట్టిన. రూతు నా కొంగు పట్టుకొని చూస్తున్నది. దానికి మాటలు రాకుండె, మంచిగైంది.

చీకటి పడక ముందే మా ఆయన, మా మామ ఇద్దరు వచ్చిన్రు. మా ఆయన లిఫాఫాను ముట్టలే. "నువ్వు చూడు నాయినా" అని నిలబడ్డడు, పరీక్ష రిజల్టు చూసే పిల్లగానోలె.

మా మామ ఫొటో తీసి కిటికీకి పెట్టిండు. పొద్దు గూకుతున్న ఎలుగు దాంట్లకెల్లి ఆయన మొకం మీద పడ్డది. మామూలుగ ఆయన ఫొటో చూస్తే నిమిషం పట్టదు. చూసిండు. దగ్గరికి పెట్టుకొని చూసిండు. దూరం పెట్టి చూసిండు. వేలుతోని ఒక అంచు మీద రాసిండు. ఒక్కపారి తల తిప్పి ట్రంకు పెట్టె దిక్కు చూసిండు. దాని మీద ఏం లేదు. నా దిక్కు చూడలే.

నేను రూతుకు అన్నం ముద్ద నోట్ల పెడుతున్న. అది మింగింది, నేను ఇంకో ముద్ద పెట్టుడు మర్చిపోయిన.

"బాగనే ఉన్నది" అన్నడు మా మామ. ఫొటోను మెల్లగ లిఫాఫాల దోపిండు. "గింజ లేదు. నువ్వన్నదే నిజం గావొచ్చు."

మా ఆయన వంగి తన మోకాలు తనే తడుముకున్నడు. పిల్లను ఎత్తి పైకి ఎగరేసి పట్టుకున్నడు. రూతు కిలకిల నవ్వింది. మా అత్త "దిష్టి తగులుతది, దించు" అన్నది.

కొడుకు బతకాలెనని అన్నడో, కొడుకును ఒక్కపారన్న టీవీల చూడాలెనని అన్నడో, మా మామను నేను ఇప్పటిదాక అడగలే. ఆయన సుత నన్ను అడగలే.

విన్సెంటు సారు రెండు దినాలల్ల ఫోను చేసి రమ్మన్నడు. బస్సులు లేవు. హైదరాబాదుకు టమాటలు ఏసుకపోయే డీసీఎం లారీల ముజీబు జాగ మాట్లాడిండు. డ్రైవరు పక్కన ఇద్దరు, వాళ్ల మధ్య మా ఆయన, ఒళ్లె బూట్ల సంచి. మా అత్త రొట్టెలు, పచ్చి మిరపకాయ తొక్కు మూట కట్టి ఇచ్చింది. మా మామ బండి తలుపు పట్టుకొని నిలబడ్డడు.

"సూది ఇయ్యనియ్యకు."

"సరే నాయినా."

"నొస్తే చెయ్యి లేపి బయటికి రా. సిగ్గు పడకు. పెద్ద పెద్దోళ్లే చెయ్యి లేపిన్రు, నేను చూసిన."

"ఎందుకు నొస్తది? నువ్వే చూసినవు గద ఫొటో" అన్నడు మా ఆయన నవ్వుకుంట.

మా మామ తలుపు ఇడిసిపెట్టిండు.

బండి పోయినంక ఇంట్లకొచ్చిన. కంచం ముందర పెట్టుకొని మెతుకులు కెలుకుతున్న. మా మామ తన కంచం జరిపి నా ముందర కూసున్నడు. "తిను బిడ్డా. ఇద్దరం తినాలె" అన్నడు. అంతే.

గోవ నుంచి ఫోన్లు వచ్చినయి. ఆయన గొంతు మారిపోయింది. సముద్రం గురించి చెప్తడు, చేపల పులుసు గురించి చెప్తడు. జట్టుల ఇద్దరు నల్లోళ్లు ఉన్నరట, మన ఉప్పిడి పిండి చేసి పెడితే గిన్నె నాకిన్రట. ఉదయం ఉరుకుడు, సాయంత్రం ఆట. "టెంటు కాడ ఎట్లున్నది? తెలంగాణ మాట ఏమన్న తెగిందా?" అని అడిగేటోడు. నేను కొంచెం కొంచెం చెప్పేది. పోయినోళ్ల పేర్లు చెప్పకపోయేది.

ఒకనాడు ఊకె అన్నట్టే అన్నడు. "అప్పుడప్పుడు మోకాలు పట్టేస్తది స్వరూపా. తలుపు గొళ్లెం పడ్డట్టు. గని ఫొటోల ఏం లేదు గద. అంతా మనసుదే. మనసును నమ్మకు, ఫొటోను నమ్ము అనుకొని ఇంకింత గట్టిగ ఉరుకుతున్న."

నా నాలుక మీదికొచ్చింది. దేవుని తోడు, వచ్చింది. మా మామ ఎదురుంగ గడపల కూసొని నన్నే చూస్తున్నడు. "నొస్తే జర ఆగు" అన్న. బతికున్నడు, నవ్వుతున్నడు, ఇంకొన్ని దినాలైనంక చెప్త అనుకున్న.

దసరా పోయింది. డిపోల బస్సులు కదిలినయి గని కరెంటు కోత పోలే. ఆ నెల ఆఖరున ఒక ఆదివారం పగటీలి మూడున్నరకు మ్యాచు టీవీల వస్తదన్నరు. మా గల్లీ సగం మా ఇంట్ల ఉండె. ముజీబు జిలేబి తెచ్చిండు. మా మామ చర్చికి పోయే తెల్లంగి ఏసుకున్నడు. ప్రార్థనకు తప్ప ఆ అంగి ఆయన ఏసుకున్న దినం లేదు అని మా అత్త ఎక్కిరిచ్చింది.

మొదటి సగం మా ఆయన బెంచీ మీదనే ఉన్నడు. కెమెరా ఒక్కపారి అటు పోయింది. నీలం అంగి, తల నున్నగ దువ్వుకున్నడు. "అగో, మా కర్ణాకర్!" అని గల్లీ అంత ఒర్రింది. మా మామ మాత్రం టీవీ పక్కన నేల మీద కూసొని అందరికి చెప్తనే ఉన్నడు.

"అగో, గా అడ్డుపలకలు చూసిన్రా? ఎన్ని కంపెనీలో. గ్రౌండు సుట్టూత దుకాణం. కొసకు బంతి మీద గూడ పేరు రాస్తరు. కుర్చీలేమో ఖాళీ. జనం లేని ఆటను టీవీకి అమ్ముతున్నరు. మా దినాలల్ల గేటు ఇరగ్గొట్టుకొని వచ్చేటోళ్లు."

"చాచా, నీ కొడుకు ఆడుతుండు, ఇయ్యాల ఒక్కనాడు తిట్టకు" అన్నడు ముజీబు.

రెండో సగంల మా ఆయన దిగిండు. మా మామ నోరు బందయింది. ఎడమ దిక్కు గీత పొంటి మా ఆయన ఉరుకుతుంటే నాకు ఆటేం అర్థం కాలే. ఆ మోకాలు ఒక్కటే చూసిన. వంగుతుంది, లేస్తుంది. ఒకపారి బంతి గుంజుకొని ముందలికి కొట్టిండు. టీవీల చెప్పేటాయన పేరు తప్పు పలికిండు, 'కరుణాకర్' అన్నడు. అయినా మా మామ రెండు చేతులు ఎత్తి దండం పెట్టిండు. ఆయన కండ్ల నీళ్లు గడ్డం దాక వచ్చినయి. డెబ్బై ఏండ్లకు దగ్గర పడ్డ మనిషి. ఆ మొకం చూసి నేను చేసిన పని మంచిదే అనుకున్న. పదకొండు నిమిషాలు అట్లనే అనుకున్న.

కరెంటు పోయింది.

అందరు కలిసి అయ్యో అన్నరు. నలుగురైదుగురు కరెంటాఫీసును తిట్టిన్రు, ఒకరు గవర్నమెంటును తిట్టిన్రు. రెండు గంటలు రాలే. జిలేబీలకు ఈగలు ముసిరినయి. ఒక్కొక్కలు లేచి పోయిన్రు. మా మామ నల్లటి టీవీ ముందర అట్లనే కూసున్నడు.

ఫోను రెండో నాడు వచ్చింది. మా ఆయన నంబరు కెల్లి గాదు, దవాఖాన నంబరు కెల్లి. ఉరుకుతుంటే మోకాలు గొళ్లెం పడ్డట్టు ఆగిందట. మీద ఇంకొకడు పడ్డడట. గింజ పోయి నరం నడుమ చిక్కి అంతా తెగిందట. క్లబ్బు డాక్టరు కొత్త ఫొటో తీసిండు. పాతది పక్కన పెట్టి చూసిండు. ఇవి రెండు ఒక్క మనిషి మోకాళ్లు గావు అన్నడు. మోసం చేసినవని కాయిదం రద్దు చేసిన్రు. దవాఖాన ఖర్చు ఇయ్యమన్నరు.

ఇయన్నీ మా ఆయన మెల్లగ చెప్పిండు. చెప్పి అడిగిండు. "స్వరూపా, ఆ ఫొటో ఎవలిది?"

నేను నోరు తెరిచిన. మా మామ నా చేతిలకెల్లి ఫోను గుంజుకున్నడు.

"నేను మార్చిన బిడ్డా. నిన్ను టీవీల చూడాలెనని ఆశ పుట్టింది. నేనే మార్చిన."

అవతల ఏమన్నడో నాకు ఇనబడలే. మా మామ "ఊఁ" అన్నడు. మల్ల "ఊఁ" అన్నడు. ఫోను నాకియ్యలే, నేల మీద పెట్టిండు.

"మామా, ఎందుకట్ల చెప్పినవ్?" అన్న.

"నాయిన మీద కోపమొస్తే మనిషి బతుకుతడు. పెండ్లాం మీద వస్తే బతకడు" అన్నడు. "నువ్వేం చెప్పకు."

నేను చెప్పలే. ఆ పొద్దుకు అది దయ లెక్క అనిపించింది. నాలుగు దినాలైనంక ఫోను చేస్తే ఆయన నంబరు పని చేస్తలేదు. విన్సెంటు సారు "నా పేరు చెడగొట్టిన్రు" అని ఫోను పెట్టేసిండు. ముజీబు ఒకపారి గోవ దాక పోయి వచ్చిండు. దవాఖానకెల్లి వారంలనే ఎల్లిపోయిండన్నరట. యాడికి పోయిండో ఎవలికీ తెల్వది. క్రిస్మసుకు వస్తడని మా అత్త పిండివంటలు చేసింది. పక్కింటోళ్లకు పంచింది.

మా మామ ఇప్పుడు టీవీ పెట్టడు. ఎవలన్న మోకాలు పట్టుకొని వస్తే దవాఖానకు పొమ్మంటడు. మొన్న ముజీబు ఎవరో ఆటగాన్ని గిన్ని కోట్లకు కొన్నరని చెప్పబోతే, "అమ్మేటోళ్లు ఎవలో అడగకు ముజీబూ, ఇంట్లనే ఉంటరు" అన్నడు. ఇగ ముజీబు ఆ ముచ్చట తియ్యడు.

పోయిన నెల మిర్చి లోడు ఏసుకొని గోవకు పోయిన దుబ్బయ్య అనే డ్రైవరు వచ్చి ఒక మాట చెప్పిండు. వాస్కోల చేపలు దించే జాగ దగ్గర మన యాసల మాట్లాడేటోన్ని చూసిండట. ఎడమకాలు ఈడుస్తుండట. ఊరేదని అడిగితే మన మెదకు జిల్లానే అన్నడట, ఊరు పేరు చెప్పలేదట. ఐసు పెట్టెలు లెక్క పెడుతుండట. దుబ్బయ్య తొందరల ఉండి ఇంకేం అడగలే.

నాకు ఇద్దరు ముసలోళ్లు, చిన్న పిల్ల. యాడికీ కదలరాదు. ముజీబు ఆటో ఇడిసి మల్లొకపారి పోలేడు. అందుకే ఇది రాస్తున్న. మీరు సముద్రం చూడనికి, సెలవులల్ల తిరగనికి గోవకు పోతరు గద. పోయినప్పుడు వాస్కోల ఆ చేపల జాగ దాక ఒక్కపారి పోయి చూడుండ్రి. ఇరవై ఏడేండ్లు, చామనచాయ, కుడి చెవు కింద చిన్న పుట్టుమచ్చ. కర్ణాకర్ అని పిలిస్తే తల తిప్పకపోవొచ్చు. దగ్గరికి పోయి కూసోండ్రి. మోకాలు సంగతి అడగకుండ్రి. అన్నం తిన్నవా అని అడుగుండ్రి. తిన్న అంటే, మాట్లాడుతుంటే, అప్పుడు చెప్పుండ్రి, ఫొటో మార్చింది నాయిన గాదు, స్వరూప అని. చెప్పినంక వెంటనే లేచి రాకుండ్రి. జరసేపు ఆయన దగ్గరనే ఉండుండ్రి.